పాటల హోటల్లో నిద్ర పట్టదేం? నాగార్జునసాగర్ దగ్గర 18 గదుల లాడ్జి కేస్ స్టడీ

నాగార్జునసాగర్ హిల్‌కాలనీ దారిలో జీ ప్లస్ 2 భవనం, అంతస్తుకు 6 చొప్పున 18 గదులు. గేటు మీద ఇనుప రేకు కోసి అతికించిన ట్రెబుల్ క్లెఫ్ (పాశ్చాత్య సంగీతం రాతలో మొదట వేసే మెలికల గుర్తు). లాన్‌లో గిటార్ ఆకారపు స్విమ్మింగ్ పూల్. రిసెప్షన్ వెనక గోడ నిండా గ్రామఫోన్ రికార్డులు. మెట్లకు నలుపు తెలుపు చారలు, మంచం తలాపుకు ప్లైవుడ్ వీణ, దాని వెనక నీలిరంగు ఎల్‌ఈడీ. గదులకు నెంబర్లు లేవు, రాగాల పేర్లున్నాయి. జాతరలో రంగులరాట్నంలా జిగేలుమంటుంది. అందులో తప్పు పట్టాల్సింది ఏమీ లేదు. పిల్లలతో వచ్చినవాళ్లు గేటు దగ్గరే ఫోటోలు మొదలుపెడతారు, అలంకరణ చెయ్యాల్సిన పని అదే. అయితే ఫోటోలకు పడిన మార్కులు నిద్రకు పడలేదు.

హోటల్ పేరు ఇక్కడ అవసరం లేదు. ఈ తరహా లాడ్జిల్లో పదేపదే కనిపించే లోపాలన్నిటినీ ఒకే భవనం కిందికి చేర్చి, కొలతలతో లెక్కలతో రాసిన కేసు ఇది.

ముందు వచ్చే అతిథి ఎవరో చూడాలి. సాగర్‌కు జనం ఏడాది పొడుగునా ఒకేలా రారు. జలాశయం 590 అడుగుల పూర్తి మట్టానికి దగ్గరై, 26 క్రస్ట్ గేట్లలో కొన్నైనా ఎత్తారన్న వార్త టీవీలో వస్తే చాలు, ఆ వారాంతం హైదరాబాద్ నుంచి 150 కిలోమీటర్లు కార్లు వరుస కడతాయి. మిగతా రోజుల్లో నాగార్జునకొండకు లాంచీ ఎక్కేవాళ్లు, బుద్ధవనం చూసేవాళ్లు, ఎత్తిపోతల దాకా పోయి వచ్చేవాళ్లు. అందరికీ ఒక పోలిక ఉంది. పగలంతా ఎండలో తిరిగి, రాత్రి తొమ్మిదిన్నరకే పక్క మీద వాలతారు. పొద్దున్నే లేచి బయల్దేరాలి. బార్‌లో కూర్చుని అర్ధరాత్రి దాకా పాటలు వినే అతిథి ఇక్కడికి వచ్చేది తక్కువ. హోటల్ మాత్రం అలాంటివాడి కోసం కట్టినట్టుంది.

ఫిర్యాదుల రిజిస్టర్‌లో అన్నిచోట్లా ఒకటే మాట: "సౌండ్". మేనేజర్ చేసిన వైద్యమూ ఒకటే: లాబీలో పాట వాల్యూం తగ్గించడం. ఫలితం లేదు. ఎందుకంటే ఆ ఒక్క మాట కింద మూడు వేర్వేరు జబ్బులున్నాయి. తన గదిలో మోగే స్పీకర్ ఆగకపోవడం ఒకటి. పక్క గది టీవీ, మాటలు వినిపించడం ఇంకొకటి. శనివారం లాన్‌లో జరిగే ప్రోగ్రాం మూడోది. మూడింటికీ మూలాలు వేరు, మందులు వేరు.

స్విచ్చు రిసెప్షన్‌లో, స్పీకర్ గదిలో

ప్రతి గది సీలింగ్‌లో ఒక 8 ఓమ్‌ల స్పీకర్. మొత్తానికి లాబీలో ఒక ఇంటి స్టీరియో ఆంప్లిఫైయర్. "అన్నా, జెర ఆ పాట బంద్ చెయ్యరాదే, పొద్దుగాల లాంచీకి పోవాలె" అని గది నుంచి ఫోన్ వస్తే, రిసెప్షన్ కుర్రాడి దగ్గరున్న జవాబు "సార్, స్విచ్చు ఒక్కటే సార్, బంద్ చేస్తే అన్ని రూములల్ల పోతది". బంద్ చెయ్యొద్దని ఓనర్ చెప్పి ఉంటాడు. పాటల హోటల్ కదా.

ఇక వైరింగ్. ఒక్కో ఛానల్‌కు 9 స్పీకర్లు పారలల్‌గా కలిపారు. 8 ఓమ్‌లను 9తో భాగిస్తే 0.9 ఓమ్ కూడా రాదు. ఓమ్‌లు తగ్గేకొద్దీ ఆంప్లిఫైయర్ మీద బరువు పెరుగుతుంది, ఇది తట్టుకునేది కనీసం 4 ఓమ్‌లు. వాల్యూం తక్కువగా ఉన్నంతసేపూ నెట్టుకొస్తుంది, శనివారం పెంచగానే ట్రిప్ అవుతుంది, కొన్నాళ్లకు అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లు మాడిపోతాయి. మెకానిక్ వచ్చి ట్రాన్సిస్టర్లు మార్చి పోతాడు, మళ్లీ అదే. జబ్బు ఆంప్లిఫైయర్‌ది కాదు, దాని మీద వేసిన బరువుది. ఇలాంటి కేసుల్లో ఒక గుర్తు వెతకాలి: ఒక ఛానల్ కాలిపోయి సగం గదుల్లో పాట ఆగిపోయిన రోజుల్లో ఆ గదుల నుంచి ఫిర్యాదులు తగ్గాయా? తగ్గితే, మొదటి జబ్బు ఏదో రిజిస్టరే చెప్పేసినట్టు.

ఇంకో వింత కూడా ఇందులోనే ఉంది. స్టీరియో ఎడమ సగం కొన్ని గదులకు, కుడి సగం కొన్ని గదులకు పోతుంది. కొన్ని పాత స్టీరియో రికార్డింగుల్లో గొంతు ఒక వైపు, వాద్యాలు ఇంకో వైపు ఎక్కువగా ఉంటాయి. అలాంటి పాట పెట్టినప్పుడు ఒక గదిలో పాడేవాడు లేడు, ఎదురు గదిలో వాయించేవాడు లేడు.

మార్పు 100 వోల్ట్ లైన్‌కు, అంటే ఎక్కువ స్పీకర్లను ఒకే లైన్ మీద నడిపే పద్ధతికి. ప్రతి స్పీకర్‌కు ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది, వాట్లు ట్యాప్‌తో ఎంచుకోవచ్చు. 18 గదులకు 3 వాట్ల ట్యాప్ అంటే 54 వాట్లు, వరండాల్లో 6 స్పీకర్లకు 6 వాట్ల చొప్పున 36, మొత్తం 90. ఆంప్లిఫైయర్‌ను దాని శక్తిలో 80 శాతం దాటి నింపకూడదు కాబట్టి 90ని 0.8తో భాగిస్తే 112.5, బజారులో దొరికే 120 వాట్లది సరిపోతుంది. లైన్‌లో పారే కరెంటు ఒక ఆంపియర్ లోపే, 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ చాలు. రెండు షరతులు తప్పవు. ఈ తీగ కరెంటు తీగలున్న పైపులో పోకూడదు. పోతే 'గుంయ్' మంటూ 50 హెర్ట్‌జ్ రొద ఎక్కుతుంది, భద్రతకూ మంచిది కాదు. రెండోది, సిగ్నల్‌ను మోనోగా కలిపి పంపాలి. కలిపాక 120 హెర్ట్‌జ్ కింద ఉన్న బాస్‌ను ఫిల్టర్‌తో కోసెయ్యాలి. సీలింగ్‌లో చిన్న స్పీకర్ ఆ బాస్‌ను సరిగ్గా పలకలేదు, కష్టపడి పలికిందంతా గోడల్లోకి పోతుంది.

గదిలో మంచం పక్కన, పడుకుని చెయ్యి చాపితే అందే చోట వాల్యూం నాబ్ పెట్టాలి; సున్నా దగ్గర పూర్తిగా ఆఫ్ కావాలి. అతిథి గదిలోకి అడుగుపెట్టేసరికి అది ఆఫ్‌లోనే ఉండాలి, హౌస్‌కీపింగ్ చెక్‌లిస్టులో ఇదొక లైను. అగ్నిప్రమాదం లాంటి ప్రకటన వచ్చినప్పుడు నాబ్ ఆఫ్‌లో ఉన్నా మోగేలా ఓవర్‌రైడ్ ఉన్న రకం తీసుకోవాలి. తీగ లాగేటప్పుడే మూడో పోగు వేసుకుంటే మళ్లీ గోడ పగలగొట్టే పని ఉండదు.

రెండో అంతస్తు రహస్యం

పక్క గది మాటల ఫిర్యాదులు ఎక్కువగా రెండో అంతస్తువి. కింది రెండు అంతస్తుల్లో 9 అంగుళాల ఇటుక గోడ, రెండు వైపులా ప్లాస్టరింగ్. అది సుమారు 50 డెసిబెల్స్ ఆపుతుంది, గట్టిగా మాట్లాడినా అవతల అర్థం కాదు. రెండో అంతస్తు మొదట ఫంక్షన్ హాలు. తర్వాత జిప్సం బోర్డు పార్టిషన్లతో 6 గదులు చేశారు. బోర్డు ఒక్కో వైపు ఒక్కో పొర, మధ్యలో ఖాళీ. అలాంటి గోడ ఆపేది 35 డెసిబెల్స్ చుట్టుపక్కల. అసలు దెబ్బ అది కాదు. పార్టిషన్ ఫాల్స్ సీలింగ్ దాకానే ఉంది, స్లాబ్‌ను తాకలేదు. పైన 6 గదులకూ కలిపి ఒకటే ఖాళీ. గోడలు ఉన్నట్టే ఉంటాయి, పైన మాత్రం అందరిదీ ఒకే ఇల్లు.

దీన్ని కనిపెట్టడానికి మీటర్ అక్కర్లేదు, టార్చి చాలు. రాత్రి లైట్లన్నీ ఆర్పి, ఒక గదిలో సీలింగ్ మూత తీసి ఒకరు పైకి టార్చి కొట్టాలి. పక్క గదిలో ఇంకొకరు తల పైకెత్తి చూడాలి. వెలుతురు వచ్చిన ప్రతిచోటు నుంచీ శబ్దం వస్తుంది. రెండు గదుల స్విచ్‌బోర్డులు ఒకే చోట వీపులు ఆనించి ఉన్నాయా అన్నదీ చూడాలి. ఉంటే గోడకు చిల్లు పెట్టి ప్లాస్టిక్ మూత వేసినట్టే. వాటిని కనీసం ఒక స్టడ్ (పార్టిషన్ లోపలి నిలువు ఇనుప పట్టీ) దూరం, అంటే 600 మిల్లీమీటర్లు, పక్కకు జరపాలి.

పార్టిషన్ మళ్లీ చెయ్యాల్సిన తీరు: 75 మిల్లీమీటర్ల జీఐ స్టడ్‌ను స్లాబ్ దాకా లేపడం, పైనా కిందా పట్టీ కింద ఫోమ్ టేప్, లోపల 50 మిల్లీమీటర్ల రాక్‌వూల్ (రాతి నార), రెండు వైపులా 12.5 మిల్లీమీటర్ల బోర్డు రెండేసి పొరలు. రెండో పొర జాయింటు మొదటి పొర జాయింటు మీద పడకూడదు. అంచులన్నిటా ఆరాక గట్టిపడని సీలెంట్. ఇలా చేస్తే ఇటుక గోడకు దీటుగా, 50 దగ్గరికి వస్తుంది. మేస్త్రీలు ఎక్కువగా చేసే పొరపాటు అంచుల్లో పుట్టీ పెట్టడం. పుట్టీ ఆరితే పగుళ్లు. ఒక గోడలో ఒక్క శాతం వైశాల్యం మేర సందు ఉంటే, మిగతా 99 శాతం ఎంత మందం ఉన్నా ఆ గోడ ఆపేది 20 డెసిబెల్స్ మాత్రమే.

ఇక వీణ బొమ్మ. 6 మిల్లీమీటర్ల ప్లైవుడ్‌తో డొల్ల పెట్టె చేసి, పార్టిషన్‌కు స్క్రూలతో బిగించారు. అది పేరుకు బొమ్మేగానీ నిజం వీణలాగే పనిచేసింది. పలచటి చెక్క, లోపల గాలి. అవతలి గదిలో మంచం కదిలినా, ఇవతల తల దగ్గర వీణ కుడంలా (బుర్రలా) పలుకుతుంది. దానికి తోడు ఎల్‌ఈడీ డ్రైవర్ (దీపానికి కరెంటు మార్చి ఇచ్చే చిన్న పెట్టె) సన్నటి జుయ్‌మనే చప్పుడు, సరిగ్గా చెవి వెనక. బొమ్మను తీసెయ్యనక్కర్లేదు. గోడ నుంచి విడదీసి నేల మీద కాళ్లతో నిలబెట్టి, గోడకు తగిలే చోట 5 మిల్లీమీటర్ల ఫెల్ట్ పెట్టి, డొల్లలో రాక్‌వూల్ నింపి గుడ్డతో మూస్తే నోరు మూస్తుంది. డ్రైవర్‌ను వార్డ్‌రోబ్ మీదికి మార్చాలి.

గడప తీసేశాక

వరండాలో బూట్ల చప్పుడు, ట్రాలీ చక్రాలు, పిల్లల కేకలు గదిలోకి వచ్చేది తలుపు కింద నుంచి. 900 మిల్లీమీటర్ల వెడల్పు, 2,100 ఎత్తు ఉన్న తలుపు కింద 12 మిల్లీమీటర్ల సందు అంటే చూడ్డానికి వేలెడంత. వైశాల్యంలో అది 0.57 శాతం. లెక్క కడితే ఆ సందు ఉన్నంతకాలం టేకు తలుపు పెట్టినా, ఇనుప తలుపు పెట్టినా ఆగేది 22 డెసిబెల్స్ చుట్టుపక్కలే.

పాత ఇళ్లల్లో ఈ బాధ లేదు, గడప ఉంది. సామాన్ల ట్రాలీ నడవాలని హోటళ్లు గడప తీసేశాయి. 10 మిల్లీమీటర్ల ఎత్తు గ్రానైట్ పట్టీ, రెండు వైపులా వాలు కోసి వేస్తే ట్రాలీ ఎక్కుతుంది, కాలికి తగలదు. తలుపు అంచు రబ్బరు దానికి ఆనుతుంది. వీల్‌చైర్ వాళ్లకు కేటాయించిన గదికి మాత్రం పట్టీ వద్దు, తలుపు మూసినప్పుడు దానంతటదే కిందికి దిగే డ్రాప్ సీల్ బిగించాలి. చౌకట్టు మూడు పక్కలా ఈపీడీఎం రబ్బరు. తలుపు తెరిచి మూస్తే కొంచెం బిగువుగా 'ప్ఫ్' అనాలి. టక్కున మూసుకుందంటే రబ్బరు ఆనలేదని అర్థం.

లాబీ గోడ మీది రికార్డులు

లాబీ 9 మీటర్ల పొడవు, 7 వెడల్పు, 3.6 ఎత్తు. నేల గ్రానైట్, ముందు అద్దం, పైన జిప్సం. రికార్డులు వినైల్. శబ్దాన్ని మింగేది ఏదీ లేదు. ఘనపరిమాణం 226.8 ఘనమీటర్లు, అన్ని ఉపరితలాలూ కలిపి 241 చదరపు మీటర్లు, సగటు శోషణ (ఉపరితలం శబ్దాన్ని మింగే పాలు) 0.05 అనుకుంటే మొత్తం శోషణ 12. సాబిన్ సూత్రం ప్రకారం 0.161ని ఘనపరిమాణంతో గుణించి 12తో భాగిస్తే 3 సెకన్లు. అంటే చప్పట్లు కొడితే మూడు సెకన్ల దాకా మోగుతుంది. అలాంటి చోట పది మంది చెక్-ఇన్‌కు నిలబడితే ఒకరి మాట ఒకరికి వినపడక అందరూ గొంతు పెంచుతారు. వాళ్లను మించి వినిపించాలని పాట వాల్యూం పెంచుతారు. గోల మెట్ల మీదుగా పైకి ఎక్కుతుంది.

ఒక సెకనుకు దింపాలంటే శోషణ 12 నుంచి 36 దాటాలి. 50 మిల్లీమీటర్ల రాక్‌వూల్ పలకల శోషణ 0.9 అనుకుంటే 27 చదరపు మీటర్లు కావాలి. 600 బై 1,200 సైజు పలకలైతే 38. వీటి మీద గుడ్డ ఏదైనా పనికిరాదు. నోటికి ఆనించి ఊదితే గాలి అవతలికి పోవాలి. రెక్సిన్ పోనివ్వదు. నల్లగొండ పాత జిల్లాలోనే అలాంటి గుడ్డ చేతికి అందుబాటులో ఉంది: పోచంపల్లి, కొయ్యలగూడెం మగ్గాల ఇక్కత్ నూలు. ఒక్కో పలకకు అంచుల మడతతో 1.4 మీటర్లు, 38 పలకలకు 53. అయితే ఇక్కత్‌లో డైమండ్ బొమ్మ పక్క పలకతో వరస కలవాలి, లేకపోతే గోడ వంకరగా ఉన్నట్టు కనిపిస్తుంది. బొమ్మ చూసి కోస్తే వృథా ఉంటుంది, 60 మీటర్లు తెచ్చుకోవాలి. కుట్టే ముందు నిప్పంటుకోని ద్రావణంలో తడిపించడం తప్పనిసరి.

గుడ్ల ట్రేలు, పిరమిడ్ ఫోమ్ అంటించమని చెప్పేవాళ్లు ఉంటారు. ఇవి పక్క గదికి పోయే శబ్దాన్ని ఆపవు. పలకలు కూడా ఆపవు. గదిలో మోత తగ్గించడం వేరు, గోడ దాటకుండా ఆపడం వేరు. మొదటిదానికి మెత్తనిది కావాలి, రెండోదానికి బరువు కావాలి, సందు ఉండకూడదు. ఈ రెండూ కలగలిపి డబ్బు పారబోసుకున్న హోటళ్లే ఎక్కువ. గుడ్ల ట్రేలకు ఉన్న ఇంకో గుణం, అగ్గిపుల్ల చాలు.

వస్తువులు పాడయ్యే తీరు

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. నల్లగొండ ఎండకు పడమటి గోడ మీద వేలాడే సంగీతం కూడా పగులుతుంది. వినైల్ రికార్డు 60 డిగ్రీలు దాటితే మెత్తబడుతుంది. అద్దం వెనక, ఎండ తగిలే నల్లటి పళ్లెం మే నెలలో ఆ వేడికి చేరడం కష్టమేమీ కాదు. అంచులు అప్పడంలా వంకర తిరుగుతాయి. డబుల్ టేప్ జిగురు అంతకన్నా ముందే కరిగి, ఒక్కొక్కటి రాత్రిపూట టప్పున రాలుతుంది. పాత 78 ఆర్‌పీఎం రికార్డులు వేరే రకం, లక్కతో చేసినవి. రాలితే గాజులా ముక్కలవుతాయి. టేపు మానేసి, మధ్య రంధ్రంలో రబ్బరు వాషర్, ఇత్తడి స్క్రూ వాడాలి. ఎండ పడని గోడ ఎంచుకోవాలి.

అసలు వీణ ఒకటి లాబీలో గాజు పెట్టెలో ఉంది, పెట్టె లోపల దీపం. వీణ మెట్లు 24, అవి కూర్చునేది నల్లటి మైనం మీద. ఎండకూ దీపానికీ మైనం మెత్తబడి మెట్లు పక్కకు జరిగాయి. తీగలు శ్రుతి బిగువులోనే వదిలేస్తే దండి మీద లాగుడు నెలల తరబడి ఉంటుంది. వాయించని వీణకు తీగలు రెండు మూడు చుట్లు వదులు చెయ్యాలి. దీపం పెట్టెకు బయట ఉండాలి.

డప్పు కథ వేరు. చెక్క వలయానికి చింతగింజల జిగురుతో అంటించిన తోలు. వానాకాలం తేమకు సాగుతుంది, ఏసీలో పొడిబారి బిగుస్తుంది. ఒకే డప్పు పగలు ఏసీలో, రాత్రి ఏసీ ఆపాక తేమలో ఉంటే అంచు దగ్గర ఊడొస్తుంది. తోలుకు పురుగు, వలయానికి చెదలు. మృగశిర కార్తెకు ముందు గోడ మీంచి దించి, రెండు వైపులా మెత్తటి గుడ్డతో తుడిచి, గోడకు ఆనకుండా వెనక అర అంగుళం చెక్కముక్కలు పెట్టి మళ్లీ వేలాడదీస్తే గాలి ఆడుతుంది. సిర్ర, సిటికెన పుల్ల (డప్పు కొట్టే రెండు కర్రలు) పక్కనే తగిలించాలి. అవి లేని డప్పు గోడ గడియారంలా కనిపిస్తుంది. ప్రోగ్రాంకు వచ్చిన కళాకారులు మృదంగం లాబీలో వదిలి వెళ్తే, తొప్పి (ఎడమ) వైపు రవ్వ ముద్ద గీకేశారో లేదో చూడాలి. లేకుంటే తెల్లారేసరికి చీమలు.

అలంకరణకు కొనే పాత వాద్యాల్లో చట్టం తగిలేవి రెండున్నాయి. పాత కంజిరాలకు ఉడుము తోలు బిగించేవారు. పాత కిన్నెరల్లో మెట్లకు అలుగు (పాంగోలిన్) పెంకులు వాడేవారు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రెండు జంతువులకూ గట్టి రక్షణ ఉంది, లాబీలో వేలాడదీస్తే కేసు గోడకే తగిలించుకున్నట్టు. మేకతోలు కంజిరా, వెదురు మెట్ల కిన్నెర కొత్తగా చేయించుకోవడమే మంచిది. కిన్నెర పెట్టదలిస్తే పక్కన రెండు వాక్యాల పలక పెట్టాలి: వెదురు దండి, ఎండిన సొరకాయ బుర్రలు, 12 మెట్లు, నాగర్‌కర్నూల్ జిల్లా దర్శనం మొగులయ్యకు ఈ వాద్యంతోనే 2022లో పద్మశ్రీ వచ్చింది. దక్షిణ తెలంగాణ హోటల్‌లో ట్రెబుల్ క్లెఫ్ కన్నా ఈ పలక దగ్గర జనం ఎక్కువసేపు ఆగుతారు. అమరావతి శైలి శిల్పాల్లో విల్లులా వంగిన వీణ కనిపిస్తుంది, గిటార్ బొమ్మలకు బదులు దాని రేఖాచిత్రం వేసినా బుద్ధవనం చూసి వచ్చినవాళ్లు పోల్చుకుంటారు.

మెట్లు, పేర్లు, పూల్

మెట్టు అన్న మాట ఇంటి మెట్లకూ, హార్మోనియం మెట్లకూ ఒకటే కాబట్టి ఈ అలంకరణ తెలుగులో సహజంగా అతుకుతుంది. కానీ పెయింటర్ ఒకటి తెలుపు, ఒకటి నలుపు అని వేసుకుంటూ పోయాడు. హార్మోనియంలో నల్లమెట్లు రెండు, మూడు, మళ్లీ రెండు, మూడు గుంపులుగా ఉంటాయి. ఏడు తెల్లవాటికి అయిదు నల్లవి. సంగీతం తెలిసిన అతిథి మొదట నవ్వేది ఇక్కడే. అంతస్తుకు 22 రైజర్లు (మెట్ల నిలువు ముఖాలు) ఉన్నాయి, అంటే మూడు సప్తకాలు (స నుంచి ని దాకా ఏడేసి స్వరాలు), ఒక పై షడ్జమం (స). రైజర్లన్నీ తెల్లగా వదిలి, నల్ల పట్టీలు సగం వెడల్పే, రెండు రైజర్ల సంధి మీద పడేట్టు వెయ్యాలి. కాలు పెట్టే చోట ఎనామెల్ పెయింట్ వద్దే వద్దు; పూల్ నుంచి తడి కాళ్లతో వచ్చేవాళ్లు జారతారు.

గదులకు రాగాల పేర్లు ముచ్చటే. అయితే కల్యాణి, కల్యాణవసంతం రెండూ ఉంటే సామాన్లు తారుమారవుతాయి. అంబులెన్స్ వాళ్లకు 'హిందోళం ఎక్కడ' అని వెతికే ఓపిక ఉండదు. తలుపు మీద 100 మిల్లీమీటర్ల అంకెల్లో 203, కింద రాగం పేరు, దాని కింద స్వరాలు: మోహనకు స రి గ ప ద స, హంసధ్వనికి స రి గ ప ని స. ముఖారిని కరుణకు వాడే రాగం అంటారు; కొత్త దంపతులకు ఆ గది ఇచ్చి తెలిసినవాళ్ల చేత నవ్వించుకోవద్దు.

గిటార్ పూల్‌లో మెడ పాచి పడుతుంది. నీళ్లు వచ్చే రంధ్రాలన్నీ బొజ్జలో ఉన్నాయి, మెడలోకి ప్రవాహం లేదు. మెడ చివర రెండు ఇన్‌లెట్లు బొజ్జ వైపు తిప్పి పెడితే నీరు కదులుతుంది. క్లోరిన్ 1 నుంచి 3 పీపీఎం, పీహెచ్ 7.2 నుంచి 7.8, కొలిచేటప్పుడు నీళ్ల శాంపిల్ మెడ చివరనుంచే తియ్యాలి, బొజ్జలోంచి తీస్తే ఎప్పుడూ బాగానే కనిపిస్తుంది.

శనివారం లాన్

స్పీకర్ దగ్గర ఒక మీటరులో 95 డెసిబెల్స్ అనుకుందాం. ఆరుబయట దూరం రెట్టింపైన ప్రతిసారీ 6 తగ్గుతుంది. 2 మీటర్ల దగ్గర 89, 4కు 83, 8కి 77, 16కు 71, 32కు 65. 2000 నాటి శబ్దకాలుష్య నియమాల ప్రకారం పగలు వాణిజ్య ప్రాంతంలో 65, నివాస ప్రాంతంలో 55. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా అవి 55, 45. ఆ వేళల్లో ఆరుబయట లౌడ్‌స్పీకర్ కుదరదు. లాన్ అవతల కాలనీ ఇళ్లుంటే 32 మీటర్ల దూరం చాలదన్నమాట. స్పీకర్ల ముఖం మార్చాలి, వాల్యూం దింపాలి, ఒక పెద్ద జతకు బదులు జనం దగ్గర నాలుగు చిన్నవి పెట్టాలి.

జలాశయం పక్కన ఇంకో చిక్కుంది. రాత్రి నీటిని ఆనుకున్న గాలి చల్లబడి, పైగాలి వెచ్చగా ఉంటే శబ్దం పైకి పోకుండా కిందికి వంగి నీటి మీదుగా చాలా దూరం పాకుతుంది. లెక్కలో 6 తగ్గాల్సింది అంత తగ్గదు. అందుకే స్టేజీ నీటివైపు తిరిగి ఉండకూడదు, గుట్టవైపు తిరగాలి. ప్రోగ్రాం 7కు మొదలై 9కి ముగిస్తే అతిథి నిద్రకూ, చట్టానికీ సరిపోతుంది.

డప్పు దళాన్ని పిలిస్తే మైకు వద్దు. వాళ్లకు కావాల్సింది కాచుకోవడానికి నిప్పు. ఆ చోటు ముందే చూపించకపోతే గాలి తగలని మూల వెతుక్కుని, ఎండుగడ్డి పోగేసి అక్కడే మంట పెట్టుకుంటారు. హోటళ్లలో గాలి తగలని మూలంటే జనరేటర్ వెనక, డీజిల్ డ్రమ్ముల పక్కన. లాన్ చివర ఇటుకలతో మూడు పక్కలా మూసిన చిన్న పొయ్యి, పక్కన ఇసుక బకెట్లు రెండు, ప్రోగ్రాంకు అరగంట ముందు తయారుగా ఉండాలి. వాన పడ్డ రోజు పొయ్యి మధ్యలో మళ్లీ కావాల్సి వస్తుంది, ఆర్పెయ్యకూడదు.

పాటకు అనుమతి

1957 కాపీరైట్ చట్టంలో నివాస భవనాల ఉమ్మడి హాల్లో రికార్డు వినిపించడానికి మినహాయింపు ఉంది, కానీ అదే వాక్యంలో హోటళ్లకు అది వర్తించదని రాసి ఉంది. లాబీలోనైనా, వరండాలోనైనా రికార్డు చేసిన పాట పెడితే లైసెన్సు కావాలి. ఓనర్ ఫోన్‌లోని మ్యూజిక్ యాప్ చందా సొంత వినికిడికే, హోటల్‌కు చెల్లదు. రికార్డింగు మీది హక్కు విడుదలైన సంవత్సరం తర్వాత 60 ఏళ్లు. 1964లోగా విడుదలైన వాటికి 2024 చివరితో తీరింది. అయితే పాట రాసినవారి, బాణీ కట్టినవారి హక్కు వేరు, అది వాళ్లు పోయాక 60 ఏళ్లు నడుస్తుంది. పాత పాట కదా, ఫ్రీ అనుకోవడం ఇక్కడే బోల్తా కొడుతుంది. త్యాగరాజు 1847లోనే కాలం చేశారు కాబట్టి ఆ కీర్తనను ఎవరైనా లాబీలో కూర్చుని పాడొచ్చు, వీణ మీద వాయించొచ్చు. అదే కీర్తనకు నిరుడు చేసిన రికార్డింగు పెట్టాలంటే మాత్రం లైసెన్సు.

గది ఇచ్చే పద్ధతి

రిపేర్లన్నీ ఒకేసారి కావు. పార్టిషన్లు పూర్తయ్యేదాకా రిసెప్షన్ చెయ్యగలిగింది గది చూసి ఇవ్వడం. బుకింగ్ ఫోన్‌లో ఒక ప్రశ్న చాలు: "పొద్దున ఎన్నింటికి బయల్దేరతరు సార్?" ఆరు లోపు అన్నవాళ్లకు కింది అంతస్తు వెనక గదులు. పెళ్లి బృందాన్ని, కాలేజీ పిల్లలను రెండో అంతస్తులో అందరినీ ఒకేచోట. వాళ్ల సందడి వాళ్లకే. రెండో అంతస్తు సగం నిండితే గది విడిచి గది ఇవ్వాలి, ఖాళీ గది పార్టిషన్ కన్నా బాగా ఆపుతుంది. అతిథి వైపు నుంచైనా అంతే: ఇలాంటి హోటల్‌కు ఫోన్ చేసేటప్పుడు గోడ ఇటుకదా, బోర్డుదా, గదిలో స్పీకర్ ఆఫ్ అవుతుందా, శనివారం లాన్‌లో ఏముంది అని అడిగితే మొహమాటపడాల్సింది ఏమీ లేదు.

పనుల జాబితాలో చివరికి నెట్టేసేది డ్రైవర్ల గది. అది జనరేటర్ షెడ్డుకు ఆనుకుని ఉంది, రేకు తలుపు, పైన వెంటిలేటర్ తెరిచి ఉంది. రాత్రి కరెంటు పోతే అక్కడ పడుకున్నవాళ్లకు చప్పుడూ పొగా రెండూ. భరించలేక కారులో సీటు వాల్చుకుంటారు, పొద్దున్నే 150 కిలోమీటర్లు నడపాల్సింది వాళ్లే. వెంటిలేటర్ మూసి, గాలికి ఎదుటి గోడలో కిటికీ పెట్టి, రేకు తలుపు తీసి గదులకు వేసిన ఫ్లష్ డోరే రబ్బరు, గ్రానైట్ పట్టీతో సహా బిగించాలి. జనరేటర్ పొగగొట్టాన్ని కప్పు దాటించి లేపాలి, దిమ్మె కింద రబ్బరు ప్యాడ్లు వెయ్యాలి. 18 గదుల రబ్బరు ఆర్డర్ ఇచ్చేటప్పుడే 19 సెట్లు రాయించాలి.